ప్రమీలారాణి పలుకుబడి

సంగం జాగర్లమూడిలో దశరథరామయ్యగారి కూతురు ప్రమీలారాణికి కోపం ఎక్కువని ఊళ్ళో అందరూ అనేవారు. అది పుట్టుకతో వచ్చిన కోపం కాదు. ఎనిమిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి, ప్రాణం నిలబడింది గాని చూపు పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు మొదలు, వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆమె తల నిమిరి "అయ్యో, బంగారంలాంటి పిల్ల" అని ముక్కు చీదేవాళ్ళు. ఒకరోజు ఓ పెద్దావిడ, "ఇంకేముంది దశరథా, దీన్ని కూర్చోబెట్టి ఇంత ముద్ద పెట్టడమేగా" అంది. ఆ పిల్ల మంచం దిగి, గోడ పట్టుకుని వంటింట్లోకి పోయి, తన అన్నం తనే పెట్టుకుని, సగం నేలపాలు చేసి, మిగిలిన సగం తెచ్చుకుని ఆవిడ ఎదురుగా కూర్చుని తిన్నది. దీన్ని చదివించి తీరాలని దశరథరామయ్య ఆ పూటే నిశ్చయించుకున్నాడు.

చదివించాడు. అంధుల బడిలో పదో తరగతి, తెనాలిలో డిగ్రీ, ఆ తర్వాత చరిత్రలో ఎం.ఏ. పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపించే మనిషి దొరికితే చదువు, దొరక్కపోతే లేదు. ఒకరి తీరికను బట్టి తన చదువు నడవడం ఆమెకు ఎంత మాత్రమూ గిట్టేది కాదు. అందుకే, తెర మీద అక్షరాలను పైకి చదివి వినిపించే కంప్యూటర్లు వచ్చాయని తెలియగానే హైదరాబాదు వెళ్ళి కోర్సు చేసి వచ్చింది. బాపట్లలో ఒక ట్రస్టు నడిపే అంధుల పాఠశాలలో కంప్యూటరు టీచరు ఉద్యోగం వచ్చింది. తెనాలి మారీసుపేటలో ఒక వాటా అద్దెకు తీసుకుని, పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి బాపట్ల వెళ్ళేది, సాయంత్రానికి తిరిగొచ్చేది.

ఆ బడిలోని కంప్యూటర్లన్నీ లినక్సు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం మీద నడిచేవి. వాటిలో తెలుగు చదివే ప్రోగ్రాము ఒకటి ఉండేది. దాని పేరు 'పలుకుబడి'. పిల్లలు ఒక్కో మీట నొక్కుతుంటే అది "క, కా, కి" అని పలికేది. పేరా పూర్తయ్యాక చదవమంటే మొదటి నుంచీ చదివి పెట్టేది. ఆడగొంతు, నెమ్మదైన గొంతు. యంత్రం ఆన్ చేసిన ప్రతిసారీ ముందుగా, "పలుకుబడి. తయారు చేసినది వేదవ్యాస్, రేపల్లె" అనేది. అంతవరకూ తమ హోంవర్కు తాము చదువుకోలేని పిల్లలు, ఒకడు రాసింది మరొకడు చదివి, తప్పులు పట్టుకుని పోట్లాడుకోవడం ఆ గదిలోనే మొదలైంది. ఆ పోట్లాటలు వింటుంటే ప్రమీలారాణికి కడుపు నిండినట్టుండేది.

రెండువేల ఎనిమిది జూన్‌లో, వేసవి సెలవులు అయ్యాక బడి తెరిచారు. సెలవుల్లో ఎవరో దాత కొత్త కంప్యూటర్లు ఇచ్చాడు. పాతవాటిని తూకానికి వేసేశారు. కొత్తవాటిలో లినక్సు కొత్త వెర్షన్ ఎక్కించి వెళ్ళాడు బాబూరావు. బాబూరావుది తెనాలిలో కంప్యూటర్ల షాపు. బడిలో యంత్రాల బాగోగులు చూసే కాంట్రాక్టు అతనిదే.

ప్రమీలారాణి కుర్చీలో కూర్చుని, కొత్త ప్లాస్టిక్ వాసన వేస్తున్న యంత్రాన్ని ఆన్ చేసింది. ఫ్యాను తిరిగిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. కాసేపు ఆగి మీటలు నొక్కింది. ఏమీ లేదు. పక్క యంత్రం దగ్గరికి పోయింది. అదీ అంతే. వెనక బెంచీల్లో పిల్లలు కూడా నొక్కి నొక్కి చూస్తున్నారు.

"టీచర్, మాట్లాడట్లేదండి," అంది ప్రశాంతి అనే తొమ్మిదో తరగతి పిల్ల.

బాబూరావుకి ఫోన్ చేసింది. అతను తాపీగా చెప్పాడు.

"అదా మేడమ్? పలుకుబడి పాత వెర్షన్‌కి కట్టిన ప్యాకేజీ అండి. కొత్తదాంట్లో ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే తెరుచుకున్నట్టే తెరుచుకుని చచ్చిపోతోందండి."

"ఎక్కదని ముందే తెలుసా మీకు?"

"ఎక్కించేటప్పుడు తెలిసిందండి."

"తెలిసీ అలాగే వదిలేసి వెళ్ళారా?"

"నేనేం చెయ్యనండి? పాత వెర్షన్ ఈ కొత్త మిషన్లని గుర్తుపట్టదు. పైగా దానికి సపోర్టు కూడా అయిపోయింది. మిగతావన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తన్నాయి కదండి. తెర చూడండి, ఎంత బాగుందో."

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాబూరావుగారూ, మీ అబ్బాయి చదివే బడిలో తెరలు వెలగని కంప్యూటర్లు పెట్టి, మిగతావన్నీ బాగున్నాయి అని చెప్పి వెళ్ళిపోగలరా? హెడ్‌మాస్టరు ఊరుకుంటాడా? మీరు గడప దాటగలరా?"

"అది వేరండి," అన్నాడతను.

"ఎందుకు వేరు?" అనడిగింది. అతను షాపులో ఎవరో వచ్చారని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ట్రస్టు సెక్రటరీ బసవేశ్వరరావుగారి గదిలోకి వెళ్ళింది. ఆయన పెద్దమనిషి, గట్టిగా మాట్లాడడు. అదే ఆమెకు మరీ కష్టం. కసురుకునేవాళ్ళనైతే తిరిగి కసరొచ్చు.

"ప్రమీలమ్మా, కూర్చో. దాతగారు ఎంతో ప్రేమగా ఇచ్చిన మిషన్లు. పేపర్లో ఫొటో కూడా వచ్చింది. ఇప్పుడు అవి పనికిరావంటే ఏం బాగుంటుంది చెప్పు?"

"పనికిరావని నేననలేదండి. మాట్లాడట్లేదన్నాను. మా పిల్లలకి ఆ రెండూ ఒకటే."

"సరే, ఆ ప్రోగ్రాము అమ్మిన కంపెనీవాళ్ళకి రాద్దాం. ఈలోగా నువ్వు నోటితో చెప్పు. కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుందో చెప్తే చాలదూ? అయినా వీళ్ళు కంప్యూటర్లు నేర్చుకుని ఎక్కడికెళ్తారమ్మా? కుర్చీలు అల్లడం ఉంది, సంగీతం ఉంది."

ఆమె లేచి నిలబడింది. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. దసరా సెలవుల్లోగా ఆ ప్రోగ్రాము సంగతి తేలకపోతే, యంత్రాలు ఊరికే పడి ఉండటం ఎందుకని, ఊళ్ళోని డిగ్రీ కాలేజీ విద్యార్థులకు క్లాసులు పెట్టే ఆలోచన కమిటీలో ఉందట. చూపున్నవాళ్ళ క్లాసులు. అంధుల బడిలో.

పలుకుబడిని బడికి అమ్మింది హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీ. ఫోన్లు చేయగా చేయగా ఒక మేనేజరు దొరికాడు. కొత్త వెర్షన్‌కి ప్యాకేజీ చేసే ఉద్దేశం తమకు లేదన్నాడు.

"మార్కెట్ లేదండి. అంధులు ఎంతమంది, అందులో తెలుగువాళ్ళెంతమంది, అందులో లినక్సు వాడేవాళ్ళెంతమంది? మీరే చెప్పండి."

"పోనీ సోర్సు ఇవ్వండి, నేను కట్టుకుంటాను."

సోర్సు అంటే ప్రోగ్రాము అసలు రాత. అది చేతిలో ఉంటే, కొత్త వెర్షన్‌లో ఉన్న సరంజామాతో మళ్ళీ కంపైల్ చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, ఏ ఫైలు ఎక్కడ కూర్చోవాలో, లైబ్రరీలనే తోడు ప్రోగ్రాములు ఏయేవి కావాలో రాసి, మళ్ళీ ప్యాకేజీగా కట్టుకోవచ్చు. అది లేకపోతే బయట పెచ్చు తప్ప లోపలి గింజ దొరకనట్టే.

"అది మా ప్రాపర్టీ అండి. బయటికివ్వం," అన్నాడు మేనేజరు. ఆ తర్వాత జాలిగా, "మీరే చేస్తారా మేడమ్? మీకు... అంటే..." అని ఆగాడు.

"కళ్ళు లేవు. అదేగా మీరు అనబోయింది? చేతులున్నాయి," అని ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. మర్నాడు పక్కవాటాలో ఉండే రాగసుధ దగ్గర ఇదంతా వెళ్ళబోసుకుంది. రాగసుధ తెనాలిలోనే ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెప్పే లెక్చరరు. అంతా విని, "పలుకుబడి లేనివాళ్ళకే పలుకుబడి పీకేశారన్నమాట," అంది.

ప్రమీలారాణికి నవ్వు రాలేదు. "సుధా, అది రోజూ లేవగానే వేదవ్యాస్, రేపల్లె అంటుంది కదా. ఆయనెవరో వెతుకు," అంది.

ప్రమీలారాణి ఇంట్లో తన సొంతానికి కొనుక్కున్న పాత యంత్రం ఒకటుంది. అందులో పాత లినక్సు, పలుకుబడి రెండూ బాగానే ఉన్నాయి. బడిలోవి తూకానికి పోయినా అది మిగిలింది.

రాగసుధ లినక్సు వాడేవాళ్ళ ఈమెయిల్ గుంపులో అడిగితే వారం తిరక్కుండానే వేదవ్యాస్ ఆచూకీ దొరికింది. రేపల్లెలోనే ఉన్నాడు. బ్యాంకు ఉద్యోగి. ఇద్దరూ ఆదివారం తెనాలిలో రేపల్లె రైలెక్కారు. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే నారుమళ్ళ పచ్చి వాసన కిటికీలోంచి వచ్చింది. ఆ మనిషిని ఏమని అడగాలో ప్రమీలారాణి దారి పొడుగునా మనసులో కూర్చుకుంటూనే ఉంది. కంపెనీకి అమ్ముకున్నవాడు కదా, వాళ్ళతో కుమ్మక్కయ్యే ఉంటాడు. నాలుగు మాటలు గట్టిగానే అడగాలి.

స్టేషను దగ్గర రిక్షా ఎక్కి ఇల్లు పట్టుకున్నారు. తలుపు కొడితే ఎవరో గడియ తీశారు.

"ఎవరండీ? రండి, లోపలికి రండి. ఎండన పడి వచ్చినట్టున్నారు," అందొక ఆడగొంతు.

ప్రమీలారాణి రాగసుధ చేయి పట్టుకుంది, గోళ్ళు దిగేటంత గట్టిగా. ఆ గొంతు ఆమెకు తెలుసు. నాలుగేళ్ళుగా పొద్దున లేస్తే వినే గొంతు. తన పిల్లలకు అక్షరాలు దిద్దబెట్టిన గొంతు. 'రండి'లో ఆ రకారం కాస్త సాగే తీరు కూడా అదే.

"మీరు... మీరు పలుకుబడి," అంది.

ఆవిడ నవ్వింది. "పలుకుబడి మా ఆయన చేసిందమ్మా. గొంతు నాది. మా ఇంటి వెనకగదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి నాచేత చదివించారు. నా పేరు రమణి. అయినా మీకెలా తెలుసు?"

"బాపట్లలో మా పిల్లలు మీ గొంతుతోనే చదువు నేర్చుకుంటున్నారక్కా."

రమణి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి తిరిగి, "ఏవండీ, ఒకసారి ఇలా రండి," అని పిలిచింది.

లోపల కూర్చున్నాక అంతా బయటపడింది. వేదవ్యాస్ పలుకుబడిని అమ్ముకోలేదు. ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, కాకపోతే ఎవరికిచ్చినా సోర్సుతో సహా ఇవ్వాలి, చేసినవాళ్ళ పేర్లు తీసేయకూడదు అనే షరతుతో ఊరికే ఇచ్చాడు. ఆ కంపెనీ దాన్ని తీసుకుని, ప్యాకేజీ కట్టి, సోర్సు తన దగ్గర పెట్టుకుని అమ్మింది. మొదలుపెట్టగానే పలికే పేరు ఒక్కటి మాత్రం తీయడం మర్చిపోయింది. దాన్ని ఎక్కడెక్కడ వాడుతున్నారో ఎవరూ ఆయనకు చెప్పలేదు.

"ఎవరూ వాడట్లేదేమో అనుకున్నానండి. మూడేళ్ళ కిందట వదిలేశాను. బ్యాంకులో ప్రమోషను, బదిలీలు... టైము లేదు," అన్నాడు వేదవ్యాస్.

అంతవరకూ కంపెనీ మీదున్న కోపం ఒక్కసారిగా ఆయన మీదకు మళ్ళింది.

"ఎవరూ వాడట్లేదని ఎవర్ని అడిగి అనుకున్నారండి? ఒక్క కార్డు ముక్క రాస్తే మేం చెప్పేవాళ్ళం కదా. మీకిది తీరిక దొరికినప్పుడు చేసి, విసుగొచ్చినప్పుడు పక్కన పడేసే పని. మాకు అలా కాదు. మా బడిలో పిల్లలు నెలరోజుల్నుంచి మూగ మీటలు నొక్కుతున్నారు."

రాగసుధ "ప్రమీలా" అని గొణిగింది. వేదవ్యాస్ నొచ్చుకున్నాడు. "ఊరికే చేసి ఇచ్చినవాణ్ణి పట్టుకుని ఇన్ని మాటలంటారేంటండి?" అన్నాడు.

"ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?" అంది రమణి. "నా గొంతు నలుగురికి వినపడుతోందని నాకైనా చెప్పారా మీరు? తెలుసుకున్నారా? ముందు ఆ సోర్సేదో తీసివ్వండి."

ఆయన లోపలికెళ్ళి పాత హార్డుడిస్కు వెతికి, సోర్సంతా ఒక సీడీలోకి ఎక్కించి ఇచ్చాడు. వెళ్ళేటప్పుడు రమణి గుమ్మం దాకా వచ్చి ప్రమీలారాణి చెయ్యి చాలాసేపు వదల్లేదు.

అక్కడ నుంచి అసలు కష్టం మొదలైంది. రాగసుధ తన కంప్యూటరులో లినక్సు కొత్త వెర్షన్ వేసుకుని ప్రమీలారాణి గదిలో పెట్టింది. అది మాట్లాడదు. మాట్లాడని యంత్రంలో ఏ తప్పు వచ్చిందో ఎలా తెలుస్తుంది? రాగసుధ పక్కన కూర్చుని చదివిపెడతానంది. ఒకటి రెండు రోజులు అలాగే చేశారు కూడా. కానీ రాగసుధ కాలేజీ నుంచి వచ్చేదాకా కాచుకుని కూర్చోవడం ప్రమీలారాణికి మళ్ళీ పాత రోజుల్లోకి పోయినట్టే ఉంది. మూడో రోజు ఆలోచించి, రెండు యంత్రాలకూ మధ్య ఒక కేబుల్ వేయించింది. పాత యంత్రం ముందు కూర్చుని, అక్కడి నుంచే కొత్తదాంట్లోకి లాగిన్ అయింది. ఇక కొత్త యంత్రం ఏ తప్పు చూపించినా పాతది రమణి గొంతుతో పైకి చదివేది. ఆ తర్వాత ఎవరూ పక్కన కూర్చోవలసిన అవసరం రాలేదు.

మొదట కంపైల్ అవలేదు. పాత కంపైలరు చూసీచూడనట్టు వదిలేసిన తప్పులను కొత్తది ఒప్పుకోలేదు. అవి ఒక్కొక్కటీ సరిచేసింది. తర్వాత, కావలసిన ఒక లైబ్రరీ పేరు కొత్త వెర్షన్‌లో మారిపోయిందని తెలిసింది. అది సరిపెట్టింది. చివరికి ప్యాకేజీ కట్టింది, ఇన్‌స్టాల్ చేసింది, ఎక్కింది. కొత్త యంత్రం నోరు తెరిచి "పలుకుబడి" అంది. అక్కడితో ఆగిపోయింది. ఆ ఒక్క మాట తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆ ఒక్క మాటే.

వేదవ్యాస్‌కి ఫోన్ చేయక తప్పింది కాదు. ఆయన ముభావంగానే విన్నాడు. ఆ ఆదివారం మాత్రం భార్యాభర్తలిద్దరూ తెనాలి వచ్చారు. రమణి గోంగూర పచ్చడి సీసా తెచ్చింది. వేదవ్యాస్ కంప్యూటరు ముందు కూర్చుని పొద్దుగూకేదాకా లేవలేదు. పాత వెర్షన్‌లో ఏ ప్రోగ్రామైనా నేరుగా సౌండుకార్డు దగ్గరికి పోవచ్చు. కొత్తదాంట్లో శబ్దాలన్నిటికీ పెద్దమనిషి లాంటి ఒక ప్రోగ్రామును పెట్టారు. ఎవరు మాట్లాడాలన్నా ఆయన ద్వారానే వెళ్ళాలి. పలుకుబడి ఆయన్ని అడక్కుండా పోతోంది, ఆయన మెడపట్టి గెంటేస్తున్నాడు. వేదవ్యాస్ ఆ భాగాన్ని తిరగరాశాడు. ప్రమీలారాణి దాన్ని చేర్చి మళ్ళీ కట్టింది. ఈసారి కొత్త యంత్రం పేరు చెప్పి, ఊరు చెప్పి, ఆమె టైపు చేసిన పేరా మొత్తం చదివింది.

తన గొంతు తను వింటూ రమణి, "నేనింత సాగదీస్తానా?" అంది. అందరూ నవ్వారు. ప్రమీలారాణి కూడా నవ్వింది.

ఆ సంబరం కొద్దిరోజులే. రాగసుధ కాలేజీ ల్యాబులో పరీక్షించబోతే ఎక్కనే లేదు. ఏదో లైబ్రరీ లేదంటూ మొండికేసింది. ప్రమీలారాణి గదిలో పనిచేసింది, అక్కడ ఎందుకు చేయదు? రాగసుధే పట్టుకుంది. "నీ మిషన్లో తంటాలు పడుతూ చేత్తో ఎక్కించుకున్నవి చాలా ఉన్నాయి. అవి అందరి దగ్గరా ఉంటాయనుకున్నావు. ఏవేవి కావాలో ప్యాకేజీలోనే రాయాలి, అప్పుడు అదే తెచ్చుకుంటుంది," అంది. ప్రమీలారాణి పాత యంత్రం దగ్గర మళ్ళీ కూర్చుంది. ఈసారి కొత్త వెర్షన్‌ని మొత్తం చెరిపి మళ్ళీ వేయించి, ఏమీ లేని యంత్రంలో ఎక్కేదాకా విడిచిపెట్టలేదు.

దసరా సెలవులకు ఇంకా వారముందనగా ప్యాకేజీ తీసుకుని బాపట్ల వెళ్ళింది. బసవేశ్వరరావుగారు విని సంతోషిస్తారనుకుంది. ఆయన బాబూరావుని పిలిపించాడు.

"బయట చేసిన సాఫ్ట్‌వేర్లు ఎక్కిస్తే మాకు సంబంధం లేదండి. కాంట్రాక్టులో ఉంది. రేపు మిషన్ ఏదన్నా అయితే నన్నడక్కండి," అన్నాడు బాబూరావు.

"విన్నావుగా ప్రమీలమ్మా. కమిటీలో పెడదాం. తొందరపడి ఏమీ చేయకు," అన్నారు సెక్రటరీగారు.

"కమిటీ ఎప్పుడండి?"

"దసరా అయ్యాక."

"దసరా అయ్యాక ఈ గదిలో కాలేజీ పిల్లలుంటారు కదండి."

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకోసాగారు.

"మా పిల్లల నోరు నొక్కిన వెర్షన్ ఎక్కించడానికి ఏ కమిటీ కూర్చుందండి? అప్పుడు ఎవర్ని అడిగారు? పాడుచేయడానికి అక్కర్లేని అనుమతి బాగుచేయడానికి ఎందుకొచ్చింది?"

అలా అని ఆమె నేరుగా కంప్యూటరు గదిలోకి వెళ్ళింది. తలుపు వేయలేదు. దాక్కుని చేసే పని కాదు అది. మొదటి యంత్రం ముందు కూర్చుంది. అది ఇంకా మూగదే కాబట్టి ఏమి కొడుతున్నదో ఆమెకు వినపడదు. కానీ ఆ నాలుగు వరుసల ఆజ్ఞలు ఎన్నిసార్లు కొట్టిందో, వేళ్ళకే వచ్చేశాయి. బాబూరావు వెనకే వచ్చి "మేడమ్, మేడమ్" అంటున్నాడు. సెక్రటరీగారు గుమ్మంలో నిలబడ్డారు. పిల్లలు బెంచీల మీంచి లేచారు.

"పలుకుబడి. తయారు చేసినది వేదవ్యాస్, రేపల్లె. గొంతు రమణి. కొత్త వెర్షన్‌కి కట్టినది ప్రమీలారాణి, తెనాలి."

పిల్లలు బల్లలు చరిచారు. ఆ గోలలో ఆమె రెండో యంత్రం దగ్గరికి వెళ్ళింది, ఆ తర్వాత మూడోదాని దగ్గరికి. బాబూరావు తప్పుకుని దారిచ్చాడు. ఆ రోజు బడి అయ్యేసరికి గది నిండా రమణి గొంతే.

మర్నాడు ఆమెకు మెమో ఇచ్చారు. పై అధికారుల మాట ధిక్కరించి సంస్థ ఆస్తితో చెలగాటమాడినందుకు సంజాయిషీ ఇవ్వాలట. మెమో కాగితం మీద ఉంది. ఆమెకు చదివి వినిపించవలసి వచ్చింది గుమాస్తాకి. ఆమె సంజాయిషీ కంప్యూటరులోనే టైపు చేసి ఇచ్చింది. "చేసింది నిజమే. మళ్ళీ అవసరమైతే మళ్ళీ చేస్తాను" అని రెండే వాక్యాలు.

కమిటీలో పాండురంగారావుగారని ఒక డాక్టరుండేవారు. ఆయన ఒక సాయంత్రం కంప్యూటరు గదికి వచ్చి, ప్రశాంతి పక్కన కూర్చుని, ఆ పిల్ల తన వ్యాసం తనే చదివించుకుని దిద్దుకోవడం చూశారు. కాలేజీ క్లాసుల ఆలోచన ఆ తర్వాత మళ్ళీ ఎత్తలేదు. గది పిల్లలకే మిగిలింది. మెమో మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఇది పెద్ద విషయం కాదులే, కాగితం మీదుంటే ఏమవుతుంది, అన్నారందరూ.

ఆ చలికాలంలో రాగసుధ ఒకరోజు కాలేజీ నుంచి రుసరుసలాడుతూ వచ్చింది. హైదరాబాదు కంపెనీ తన వెబ్‌సైటులో 'కొత్త లినక్సుకు తయారైన పలుకుబడి' అని ప్రకటన పెట్టిందట. దించి చూస్తే, ప్రమీలారాణి కట్టి, లినక్సు ఈమెయిల్ గుంపులో అందరి కోసం పెట్టిన ప్యాకేజీయే. ఆమె రాసిన వరుసలే. ఈసారి కంపెనీ మర్చిపోకుండా పేర్లన్నీ తీసేసింది.

"మార్కెట్ లేదన్నారే," అంది ప్రమీలారాణి. వాడేది అంధులు కదా, పేర్లు తీసేస్తే ఎవరికి కనపడుతుందిలే అని కంపెనీవాళ్ళు అనుకున్నారు. విన్నవాళ్ళకి తెలుస్తుందని వాళ్ళకి తట్టలేదు.

రేపల్లెకి ఫోన్ చేస్తే వేదవ్యాస్ ఈసారి టైము లేదనలేదు. తను పెట్టిన షరతును ఉటంకిస్తూ కంపెనీకి రాశాడు, ఈమెయిల్ గుంపుల్లో రాశాడు, రెండు ప్యాకేజీలనూ పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ ఒకటేనో చూపించాడు. దేశమంతటి నుంచీ జనం ఆ కంపెనీని అడగడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి పేర్లు మళ్ళీ వచ్చాయి, సోర్సూ పెట్టారు. తప్పయిందన్న మాట మాత్రం రాలేదు. మేనేజరు ప్రమీలారాణికి ఫోన్ చేసి, "మీకేమన్నా గౌరవంగా ఇద్దామనుకుంటున్నాం మేడమ్," అన్నాడు. "గౌరవం ముందే ఇస్తే బాగుండేది," అందామె.

మార్చిలో బడి వార్షికోత్సవం. బసవేశ్వరరావుగారు స్వయంగా వచ్చి పిలిచారు. దాతగారి చేతుల మీదుగా శాలువా కప్పి సన్మానం చేస్తారట. ఆహ్వానపత్రం మీద 'అంధురాలై ఉండి కూడా' అని అచ్చు వేయించారని గుమాస్తా ముందే చెప్పాడు.

"నాకిచ్చిన మెమో తీసేశారాండి?" అనడిగింది.

"అబ్బా, ఇంకా అదే పట్టుకున్నావా ప్రమీలమ్మా? దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు స్టేజీ ఎక్కు."

"ఒకే పనికి ఒక చేత్తో మెమో, ఒక చేత్తో శాలువా ఏంటండి? నేను చేసింది తప్పయితే శాలువా ఎందుకు? తప్పు కాకపోతే మెమో ఎందుకు? ఏదో ఒకటి తేల్చండి, వస్తాను."

ఆయన తేల్చలేదు. ఆమె వెళ్ళలేదు.

ఆ రోజు ఆవరణలో షామియానా వేశారు, మైకులో ఉపన్యాసాలు నడిచాయి. లినక్సు ఇంకో వెర్షన్ వచ్చిందని ఆ వారమే తెలిసింది. ప్రమీలారాణి కంప్యూటరు గదిలో ఒక యంత్రం మీద దాన్ని వేసి, పక్క యంత్రంలోంచి అందులోకి లాగిన్ అయి, ప్యాకేజీ కట్టి చూస్తోంది. బయట మైకులో ఆమె పేరు పిలిచారు. మరోసారి పిలిచారు. ఏదో తప్పొచ్చిందని రమణి గొంతు చదువుతోంది. ప్రమీలారాణి శబ్దం కాస్త పెంచి, ఆ వరుస మళ్ళీ చదవమని మీట నొక్కింది.